కొత్త కారు మీద గీత: లోతు చూశాకే చెయ్యి పెట్టాలి

కొత్త కారు కొని కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి నెల తిరక్కుండానే తలుపు మీద గీత పడటం మన గోదావరి డెల్టాలో మామూలే. కాలవ గట్టు మీద ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే కారుని అంచుకి తియ్యాల్సిందే, ఆ అంచున తుమ్మ కొమ్మ కాచుకుని ఉంటుంది. నరసాపురంలో సఖినేటిపల్లి పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) ఎక్కితే బళ్ళన్నీ జానెడు దూరంలో నిలబడతాయి, పక్క మోటారుసైకిలు హ్యాండిలు తగలడానికి అది చాలు. గీత పడ్డాక మనసు చివుక్కుమంటుంది. ఆ కంగారులో మొదటి గంటలో చేసే పనులే చాలాసార్లు గీతకన్నా ఎక్కువ చెరుపు చేస్తాయి. టూత్‌పేస్టు రుద్దుతారు, గిన్నెలు తోమే పీచుతో తోముతారు, కొబ్బరినూనె పూస్తారు, లేదంటే తిన్నగా షాపుకి తీసుకెళ్ళి తలుపు మొత్తానికి పెయింటు వేయించేస్తారు. వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది గీత ఏ పొర దాకా దిగిందో తెలుసుకోవడం.

రేకు మీద ఉన్నది ఒక్క పూత కాదు. రేకు మందం 0.7, 0.8 మిల్లీమీటర్లు. దాని మీద ఫాస్ఫేట్ పూత, ఆపైన ఈ-కోట్. బాడీ మొత్తాన్ని తొట్టెలో ముంచి కరెంటు పారించి పట్టించే ప్రైమర్ ఇది, సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. తుప్పుని ఆపే అసలు కాపలా ఇదే. దాని మీద ఇంకో ప్రైమర్ 30 మైక్రాన్లు, రంగు 15 నుంచి 20, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్ 35 నుంచి 50. అన్నీ కలిపి 100 నుంచి 120 మైక్రాన్లు, అంటే ఇంచుమించు రెండు తలవెంట్రుకల మందం. ఈ-కోట్‌ని కంపెనీలో 170, 180 డిగ్రీల వేడిలో, క్లియర్‌ని 140 దగ్గర కాలుస్తారు. బయట ఎంత మంచి షాపైనా ఆ పని చెయ్యలేదు. కారులో అప్పటికే సీట్లు, వైర్లు, రబ్బర్లు, ప్లాస్టిక్కులు ఉంటాయి కాబట్టి బూత్‌లో (పెయింటు కొట్టి ఆరబెట్టే మూసిన గదిలో) 60, 70 డిగ్రీలు దాటనివ్వరు. కంపెనీ పెయింటు ఒకసారి గీకేస్తే అదే పెయింటు మళ్ళీ రాదు. కొత్త కారు విషయంలో ఇంత పట్టుబట్టేది అందుకే. మంచి పెయింటుని వీలైనంత మిగుల్చుకుంటూ గీతని మాత్రమే బాగుచెయ్యాలి.

లోతు చూడటానికి ముందు ఆ చోటు కడగాలి. బకెట్ నీళ్ళలో కార్ షాంపూ కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. పొడి గుడ్డ పెట్టొద్దు. తీర గ్రామాల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి మరకలు దిగిపోతాయి. ఆఖరి కడుగు తాగే నీళ్ళ టిన్నులోంచి రెండు లీటర్లు తీసి పొయ్యండి, ఒక్క తలుపుకి అది చాలు. ఆరాక నీడలోకి తెచ్చి ఫోను లైటు ఏటవాలుగా పట్టి చూడండి. గీత ఉన్నట్టు కాకుండా రంగు అంటుకున్నట్టు, వేలికి కాస్త ఉబ్బుగా తగిలితే అది గోడ సున్నమో, గేటు రంగో, ఎదుటి బండి పెయింటో మన కారుకి అంటుకున్నది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద వేసి నెమ్మదిగా రుద్దితే చాలా వరకు వచ్చేస్తుంది, లేకపోతే పాలిష్‌తో పోతుంది. గేటుకి కారు రాసుకున్నప్పుడు పెద్ద గీత అని బెంగపడ్డదాంట్లో సగం ఇలా ఊడొచ్చేదే.

నిజంగా గీతే అయితే దాని మీద నాలుగు నీటి చుక్కలు వెయ్యండి. తడిలో గీత మాయమై, ఆరాక మళ్ళీ కనిపిస్తే అది క్లియర్ కోట్‌లోనే ఉంది. తెల్లగా కనిపించేది గీత అంచుల మీద వెలుగు చెదరడం వల్లే, రంగు పోయి కాదు. తర్వాత గోటిని గీతకి అడ్డంగా లాగండి. జారిపోతే పాలిష్‌తో పోతుంది. గోరు పట్టుకుంటే పాలిష్‌తో పూర్తిగా పోదు, పోగొట్టాలని పంతం పట్టకూడదు. గీత అడుగున లేత బూడిద రంగు కనిపిస్తే ప్రైమర్ దాకా దిగింది. మెరిసే లోహమో, ఎర్రటి మచ్చో కనిపిస్తే రేకు బయటపడింది. బంపరు, అద్దాల మూతల్లో నల్లగా కనిపిస్తే అది ప్లాస్టిక్కు, దానికి తుప్పు భయం లేదు, కాబట్టి తొందరా లేదు.

కొబ్బరినూనె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నూనె పూస్తే గీత పోయినట్టే ఉంటుంది. నీటిచుక్క చేసినట్టే గీతలో నిండి వెలుగుని చెదరనివ్వదు, అంతే. రెండు రోజుల్లో దుమ్ము పట్టి గీత నల్లగా తేలుతుంది. ఆ తర్వాత టచప్ (గీతలో మాత్రమే రంగు నింపడం) వేస్తే నూనె ఉన్న చోట పెయింటు పట్టదు, చేపకళ్ళలాగా గుండ్రటి గుంటలు పడతాయి. మెరుపు కోసం డీజిల్‌తో తుడిచినా ఇదే గతి. డ్యాష్‌బోర్డు పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది కాబట్టి అది ఇంకా మొండిది. గీత పడిందని చూసిన క్షణం నుంచి బాగుచేసే దాకా ఆ చోట ఏ జిడ్డూ తగలనివ్వకండి.

క్లియర్‌లోనే ఉన్న గీతకి చేతిపని సరిపోతుంది. గీతకి రెండు వైపులా అర అడుగు మేర శుభ్రం చేసి, దగ్గర్లో నల్ల ప్లాస్టిక్ బీడింగ్, రబ్బరు, తలుపు అంచు ఉంటే మాస్కింగ్ టేపు వెయ్యండి. తలుపు అంచుల మీద, బాడీ లైను మడతల మీద పెయింటు పల్చగా ఉంటుంది, అక్కడ రుద్దితే ముందు ఊడేది అదే. ఫోమ్ ప్యాడ్ మీద ఫినిషింగ్ పాలిష్ శెనగగింజంత బొట్లు మూడు పెట్టి, గీత వెంబడి కాకుండా గీతకి అడ్డంగా, ఒకే రకం వత్తిడితో నిమిషంన్నర రుద్దండి. తుడిచి చూడండి. తగ్గకపోతే అప్పుడు రబ్బింగ్ కాంపౌండ్, దాని తర్వాత మళ్ళీ పాలిష్. తేలికైన దానితో మొదలుపెట్టి గట్టిదానికి వెళ్ళడమే పద్ధతి. మనవాళ్ళు చాలామంది దీన్ని తిరగేసి, మొదటే ముతక కాంపౌండ్‌తో మొదలెడతారు. పాలిష్‌లో ఉండే నూనెలు కూడా గీతని తాత్కాలికంగా కప్పుతాయి. అందుకని ఐసోప్రొపైల్, నీళ్ళు సగం సగం కలిపి ఒకసారి తుడిచి ఎండలోకి తెచ్చి చూస్తేగాని పని అయిందో లేదో తెలియదు.

పాలిష్‌కి లొంగక, గోటికి లీలగా తగిలే గీతకి 3000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ సన్నం) వాడొచ్చు, కానీ మొదటిసారి చేసేవాళ్ళని నేను ప్రోత్సహించను. క్లియర్ 40 మైక్రాన్లే. అందులో అయిదారు మైక్రాన్లకు మించి తీస్తే ఎండని ఆపే శక్తి తగ్గి, నాలుగైదేళ్ళలో అక్కడ పొర పాలిపోయి పొట్టు లేస్తుంది. గీత నూటికి ఎనభై పాళ్ళు తగ్గి, నాలుగడుగుల దూరం నుంచి కనిపించకపోతే అక్కడితో ఆపేయండి. బఫింగ్ మెషీన్ పెట్టే షాపుకి వెళ్తే గుండ్రంగా ఒకే చోట తిరిగే రోటరీ కాకుండా, అటూ ఇటూ ఊగుతూ తిరిగే డ్యూయల్ యాక్షన్ మెషీన్ ఉందేమో అడగండి. అనుభవం లేని చేతిలో రోటరీ క్షణాల్లో అంచు కాల్చేస్తుంది.

రంగు తెగిన గీతకి టచప్ కావాలి. రంగు పేరు చెబితే చాలదు, తెలుపులోనే రెండు మూడు రకాలుంటాయి. రంగు కోడ్ డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరులోనో, బానెట్ కింద ప్లేటు మీదో ఉంటుంది. ఫోటో తీసుకుని షోరూము పార్టుల కౌంటరులో ఆ కోడ్ టచప్ సీసా అడగండి. అక్కడ లేకపోతే కంప్యూటరుతో రంగు కలిపే ఆటో పెయింట్ షాపులో కోడ్ చూపిస్తే 50 మిల్లీలీటర్లు కలిపిస్తారు. సాదా తెలుపు, ఎరుపు లాంటి వాటికి బాగా కలుస్తుంది. మెటాలిక్ వెండి, బూడిద రంగుల్లో మాత్రం ఎంత సరైన కోడైనా కుంచెతో వేస్తే కొంచెం నల్లగా కనిపిస్తుంది. స్ప్రేలో అల్యూమినియం రేణువులు పడుకుని అమరతాయి, కుంచె కింద అడ్డదిడ్డంగా నిలబడతాయి. అది సీసా తప్పు కాదు, ముందే తెలిస్తే నిరాశ ఉండదు. ముత్యపు తెలుపు మూడు పొరల రంగు, దాన్ని ఇంట్లో కలపడం దాదాపు కుదరదు.

సామాను పెద్దగా అక్కర్లేదు: రంగు సీసా, క్లియర్ సీసా, రేకు బయటపడితే చిన్న ఎపాక్సీ ప్రైమర్, 1000, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్ ఒక్కో షీటు, పళ్ళపుల్లలు, సున్నా నంబరు కుంచె, మాస్కింగ్ టేపు, ఐసోప్రొపైల్. సీసా మూతకున్న కుంచె వాడొద్దు. అది గీతకన్నా నాలుగింతలు వెడల్పు ఉంటుంది, గీత చుట్టూ గడ్డలా రంగు పేరుకుంటుంది.

గీతని ఐసోప్రొపైల్‌తో రెండుసార్లు శుభ్రం చెయ్యండి. 1000 నంబరు పేపర్‌ని సన్నగా మడిచి, ఆ మడత అంచుతో గీత లోపల మాత్రమే గరుకు చెయ్యండి, లేచిన పొట్టు ఉంటే పోవాలి. ఎర్రమచ్చ ఉంటే లోహం తెల్లగా కనిపించే దాకా గీకండి. మూల మీద కాస్త మిగిలితే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ చుక్క పెట్టి, సీసా మీద చెప్పినంతసేపు ఉంచి, శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. కడగకుండా దాని మీదే ప్రైమర్ వేస్తే మిగిలిపోయిన ఆమ్లం మీద ప్రైమర్ పట్టదు. ప్రైమర్ బట్టబయలైన లోహానికే, పళ్ళపుల్ల మొనతో, పల్చగా ఒక్క పొర. అది మర్నాటిదాకా ఆరనివ్వండి.

రంగు సీసాని రెండు నిమిషాలు గట్టిగా ఊపాలి, రేణువులన్నీ అడుగున ఉంటాయి. తెల్ల అట్ట మీద ఒక చుక్క వేసి, ఆరాక కారు పక్కన పెట్టి చూసుకుని అప్పుడు మొదలుపెట్టండి. గీతలోకి రంగుని పుల్లతో పారించండి, పొయ్యొద్దు. పొరకీ పొరకీ మధ్య అరగంట నుంచి ముప్పావుగంట. రెండు మూడు పొరలు వేశాక రంగు చుట్టూ ఉన్న మట్టం కన్నా కొంచెం దిగువనే ఉండాలి, ఎందుకంటే మిగతా చోటు క్లియర్‌ది. క్లియర్ కూడా అలాగే మూడు నాలుగు పల్చటి పొరలు, ఆఖరిది ఒక్క వెంట్రుక ఎత్తు పైకి వచ్చేలా. ఒకేసారి లావుగా వేస్తే పైన తోలు కట్టి లోపల థిన్నర్ చిక్కుకుంటుంది. తర్వాత అది బుడగలై పైకి పొడుచుకొస్తుంది, లేదా నెల తర్వాత గుంటలా కుంగుతుంది.

మన ప్రాంతంలో పని చెడిపోవడానికి మొదటి కారణం మాత్రం తేమ. టచప్ పెయింటు ఆరేటప్పుడు థిన్నర్ ఆవిరవుతూ ఆ చోటుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ బాగా ఉంటే ఆ చల్లటి పొర మీద కంటికి కనిపించని మంచు పడుతుంది, పెయింటులోకి నీరు దిగుతుంది. ఆరాక క్లియర్ మజ్జిగలా తెల్లబారుతుంది, నల్ల కారు మీదైతే మరీ కొట్టొచ్చినట్టు. పెయింటర్లు దీన్ని బ్లష్ అంటారు. పరిశ్రమలో పాటించే లెక్క ఒకటుంది: మంచు పడే ఉష్ణోగ్రత కన్నా రేకు కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. వానాకాలంలో లంక గ్రామాల్లో తేమ ఆ హద్దుకి దిగువన ఉండే రోజులు దొరకడమే కష్టం. ఫోనులో వాతావరణం చూస్తే తేమ శాతం, డ్యూ పాయింట్ (మంచు పడే ఉష్ణోగ్రత) రెండూ కనిపిస్తాయి, పని మొదలుపెట్టే ముందు అవి చూడండి.

నా లెక్కలో మనకి అనువైన రోజులు మాఘం, ఫాల్గుణం. పుష్యంలో పొద్దున్నే మంచు కురిసి కారు మొత్తం తడిసి ఉంటుంది, తలుపు సందుల్లో పదింటిదాకా తేమ పోదు. కాబట్టి పదిన్నర దాటాక మొదలుపెట్టి మూడింటిలోపు ఆఖరి పొర ముగించండి. సాయంత్రం వేస్తే రాత్రి మంచుకి దొరికిపోతుంది. ఎండాకాలంలో ఇబ్బంది వేరు: ఎండలో నిలబెట్టిన ముదురు రంగు కారు రేకు 60 డిగ్రీలు దాటుతుంది, పెయింటు పారకముందే గట్టిపడిపోతుంది. రేకు అరచెయ్యి ఆన్చి ఉంచగలిగేంత చల్లబడ్డాక నీడలో చెయ్యండి. మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్ళితే తేమ మళ్ళీ ఎక్కుతుంది, అది కూడా చూసుకోండి. వానాకాలంలో గీత పడి రేకు బయటపడితే ఆగొద్దు. శుభ్రం చేసి, హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా ఆరబెట్టి, ప్రైమర్ ఒక్కటి వేసి ఉంచండి, రంగు పని పొడి రోజుల్లో చేసుకోవచ్చు. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే కార్లకి ఒక్క రాత్రి చాలు, తెల్లారేసరికి లోహం ఎర్రబడుతుంది. జింకు పూత ఉన్న రేకైతే కొంత ఓపిక పడుతుంది, కానీ గీత జింకుని కూడా కోసేసి ఉంటే ఆ ధీమా పనికిరాదు. తెల్లబారిన క్లియర్‌ని వెంటనే గీకొద్దు. పొడి ఎండ రోజున డ్రయర్‌తో వెచ్చబెడితే స్వల్పంగా ఉన్నది పోతుంది. పోకపోతే ఆ పొర తీసి మళ్ళీ వెయ్యాల్సిందే.

క్లియర్ వేశాక వారం రోజులు ముట్టుకోకండి, తేమ రోజుల్లో పది. అందరూ తప్పే చోటిది, ఎందుకంటే గంటలోనే పైకి ఆరినట్టు కనిపిస్తుంది. తర్వాత 2000 పేపర్‌ని పెన్సిలు రబ్బరుకి చుట్టి, షాంపూ నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, ఉబ్బు మీద మాత్రమే, వత్తిడి లేకుండా రుద్దండి. చుట్టూ టేపు వేసుకుంటే మంచి పెయింటు బతుకుతుంది. పది సార్లు రుద్ది, తుడిచి చూడటం, మళ్ళీ పది. నురుగులో రంగు కనిపించిందంటే క్లియర్ దాటిపోయారు, ఆపండి. మట్టం కుదిరాక 3000, ఆ తర్వాత కాంపౌండ్, పాలిష్. 2000 నంబరు పలుకు సుమారు 10 మైక్రాన్లు, అది వదిలిన గీతల్ని ఒక్క పాలిష్‌తో తీయాలంటే చాలాసేపు రుద్దాలి, 3000 మధ్యలో ఉంటే ఆ పని సగమవుతుంది. కొత్తగా వేసిన చోట నెలరోజులు వ్యాక్స్ పెట్టొద్దు, మిగిలిన థిన్నర్ బయటికి పోవాలి. కంపెనీ పెయింటుకి ఈ నిబంధన లేదు, అది కాల్చి గట్టిపడి వచ్చినదే.

అరచేతికన్నా పెద్ద మేర, గీతల గుంపు, రేకు సొట్ట, బానెట్ మధ్యలో మెటాలిక్ రంగు: ఇవి షాపు పనులే. అక్కడ వాడే టూకే (రెండు భాగాలు కలిపి వాడే) క్లియర్‌లో ఐసోసయనేట్ హార్డెనర్ ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. అదే రకం స్ప్రే డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయని ఇంటి గ్యారేజీలో కొట్టొద్దు. షాపులో అడగాల్సినవి: మూసి ఉండే బూత్ ఉందా, రంగు కోడ్‌తో కలుపుతారా, పక్క ప్యానెల్‌లోకి రంగు కలిసిపోయేలా బ్లెండ్ చేస్తారా. చిన్న గీతకి లప్పం పెడతామంటే ఎందుకో అడగండి, సొట్ట లేనప్పుడు అది అక్కర్లేదు. రోడ్డు పక్క చెట్టు కింద స్ప్రే కొట్టే చోట పనితనం ఎంత ఉన్నా దుమ్ము, తేమ ఆ పనితనాన్ని నిలవనివ్వవు.

ఇన్సూరెన్స్ క్లెయిము పెట్టే ముందు చిన్న లెక్క వేసుకోండి. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరిగా మన చేతి నుంచి పడేది 1000 రూపాయలు, ఆపైన 2000. క్లెయిము లేకుండా మొదటి ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన బండికి తగిలే దెబ్బల కోసం కట్టే భాగంలో) 20 శాతం తగ్గింపు వస్తుంది, ఏటా పెరుగుతూ 50 దాకా వెళ్తుంది. ఒక్క గీత కోసం క్లెయిము పెడితే అది మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఒక తలుపు పెయింటు ఖర్చు ఆ నష్టం కన్నా తక్కువైతే జేబులోంచి పెట్టుకోవడమే నయం.

గీతలు పడే దారి ఇంకొకటి ఉంది, జనం దాన్ని గీతగా లెక్కే వెయ్యరు. రైసుమిల్లుల దగ్గర ఉండేవాళ్ళ కార్ల మీద బూడిద పడుతుంది. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, ఇసకలో ఉండేదే. పొద్దున్నే మంచుతో తడిసిన ఆ బూడిదని పాత చొక్కాతో తుడిస్తే పేపర్ పెట్టి రుద్దినట్టే, ఆర్నెల్లకి నల్ల కారు మీద సాలెగూడులా సన్నగీతలు తేలతాయి. ముందు నీళ్ళు పోసి జారనిచ్చి, ఆ తర్వాతే గుడ్డ పెట్టండి.

టచప్ చేసిన చోటు ఎక్కడుందో గుర్తుంచుకుని, ఒక వానాకాలం గడిచాక కార్తీకంలో అక్కడ గోరు పెట్టి చూడండి. అంచు నున్నగా ఉంటే పని నిలిచింది. ఆవగింజంత బొబ్బ తగిలితే కింద తుప్పు నడుస్తోంది. పైన మళ్ళీ రంగు పూసి కప్పొద్దు. అక్కడివరకు గీకి, లోహం చూసి, ప్రైమర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.